బల్ల చివర నీళ్ళు

పాయ ఇవతలి గట్టు,
తాళ్ళ కొట్టు పక్కిల్లు

చెల్లాయికి,

బాగున్నానని రాశావు. ఆ ఒక్క ముక్క రాసి ఊరుకునేవాళ్ళంటేనే నాకు ఎక్కువ భయం. మోకాలు వంగుతోందా, గుమ్మం ముందు రాయి ఎత్తు చేయించావా, పడుకునే ముందు తలుపు గడియ ఎవరు వేస్తున్నారు, ఇవేవీ రాయలేదు. నీ చెవులు బాగుంటే ఫోనులోనే అడిగేదాన్ని. పోయినసారి నీ కూతురి ఫోనులో నేను అరిచిన అరుపులు మా వీధంతా విన్నారు, నువ్వు తప్ప.

వంతెన ఇంకా మూసే ఉంది. పోయిన వరదలో చీలిన స్తంభం చీలినట్టే ఉంది. చుట్టూ తిరిగి బస్సులో రావాలంటే పొద్దంతా పోతుంది, దారిలో ఆ బస్సుకి ఏమైనా అయితే? నువ్వేమో పడవ ఎక్కి రమ్మంటావు. ఆ పడవ కండక్టరు జనాన్ని బస్తాల్లా కుక్కుతాడు. పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు సందు ఉండదు. మన ఉత్తరాలు అటూ ఇటూ చేరవేస్తున్నాడు కాబట్టి అతన్ని ఏమీ అనను గానీ, ఎక్కడం మాత్రం నా వల్ల కాదు. మా కిటికీలోంచి చూస్తే మీ ఇస్త్రీ కొట్టు రేకు కనబడుతుంది. ఎండ పడి మెరిసిందంటే కప్పు ఉన్నట్టు, కప్పు ఉందంటే నువ్వున్నట్టు. మబ్బు పట్టిన రోజు నాకు ముద్ద దిగదు.

అసలు సంగతి వేరే ఉంది. మునిసిపాలిటీ ఆఫీసు నుంచి కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చింది. సముద్రం పెరుగుతోందట. ఇకమీదట పెద్ద పోటు ఏటా వస్తుందట. పాయ పొడుగునా గోడ కట్టాలట. ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తు కట్టాలో వీధివాళ్ళనే చెప్పమంటున్నారు. అందరూ సంబరపడుతున్నారు, మన మాటకి విలువ వచ్చిందని. నాకు మాత్రం వేరే అనుమానం. ఇన్నేళ్ళూ అడగనివాళ్ళు ఇప్పుడు వచ్చి అడుగుతున్నారంటే ఆ రాబోయేది ఎంత పెద్దదై ఉండాలి?

పైగా నన్ను కమిటీలో వేశారు. కమిటీకి పెద్ద ఐసు ఫ్యాక్టరీ ఆయన. వయసు మళ్ళిన ఆడమనిషి ఒకరు ఉండాలని రూలు ఉందట. మావాడు ఇంజన్ కింద పడుకుని రిపేరు చేస్తున్నవాడు తల బయటపెట్టి, "మా అమ్మని వేసుకోండి. వీధి మొత్తానికి సరిపడా ఆవిడే భయపడి పెడుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ.

గడియ సంగతి మర్చిపోకుండా రాయి.

మీ అక్క

*

పాయ ఇవతలి గట్టు,
ఇస్త్రీ కొట్టు వెనక గది

గాబరా అక్కకి,

నువ్వూ ఇవతలి గట్టు అని రాస్తావు, నేనూ ఇవతలి గట్టు అనే రాస్తాను. మరి అవతలి గట్టున ఎవరుంటున్నారే? పడవ కండక్టరు ఏదో రోజు విసిగిపోయి మన ఉత్తరాలు మధ్యలో చేపలకి ఇచ్చేస్తాడు.

మోకాలు వంగుతోంది. వంగాక లేవడమే ఆలస్యం. గడియ నా కూతురు వేస్తుంది. రాయి ఎత్తు చేయించలేదు, ఎందుకు చేయించాలి? పోయిన వరదలో కూడా నీళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపల నన్ను చూసి వెనక్కి పోయాయని చెప్పానుగా. నువ్వు నమ్మవు. నువ్వు చిన్నప్పుడు బావిలో చంద్రుణ్ణి చూసి ఎవరో పడిపోయారని వీధంతా లేపినదానివి.

మా వైపు కూడా గోడ కమిటీ పెట్టారు. పాయకి అటు ఒక వార్డు, ఇటు ఒక వార్డు కదా, మాకు వేరే ఆఫీసరు. బట్టతల, మంచివాడిలాగే ఉన్నాడు. నాకు వినపడదని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎవరేమన్నా తల ఊపుతున్నాను. చాలా తెలివైనదాన్నని పేరొచ్చింది.

మబ్బు పట్టిన రోజు కూడా అన్నం తిను. రేకు ఎక్కడికీ పోదు.

మీ చెల్లెలు

*

పాయ ఇవతలి గట్టు,
తాళ్ళ కొట్టు పక్కిల్లు

చెల్లాయికి,

ఆలస్యమైంది. వారం నుంచి రాద్దామని కూర్చోవడం, లేవడం.

మీటింగు జరిగింది. పాత బడి హాల్లో పెద్ద బల్ల వేసి దాని మీద మట్టితో మా వార్డంతా కట్టించారు. వీధులు, కాలవలు, పాయ, అన్నీ. ఎవరి ఇల్లు వాళ్ళే చేసి పెట్టాలంది కళ్ళజోడు అమ్మాయి. చూడాలి ఆ గొడవ! ఐసు ఫ్యాక్టరీ ఆయన తన ఫ్యాక్టరీని సొరకాయంత చేశాడు. తాళ్ళ కొట్టాయన, "అయ్యా, తమరి ఫ్యాక్టరీ నీడ మా ఇంటి మీద పడి మాకు ఎండ రావట్లేదు" అన్నాడు. మా కోడలు మన ఇల్లు చేసింది. కుట్టు మిషను మీద కూర్చునే చేతులు కదా, పని ముద్దుగా ఉంటుంది. కిటికీ కూడా పెట్టింది, నేను కూర్చుని చూసే కిటికీ. మా వరసే నీళ్ళకి మొదటి వరస కాబట్టి మా ఇల్లు పాయ పక్కనే పెట్టారు.

తర్వాత పాయ పొడుగునా రేకు ముక్కలు గుచ్చారు, గోడ అన్నమాట. పెద్దదానివి, నువ్వే పొయ్యాలి మామ్మా అని మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా నా చేతికిచ్చారు. నేను బల్ల చివర నిలబడి పోశాను. సముద్రం వైపు నుంచి పాయలోకి నీళ్ళు ఎక్కాయి. రేకు దాటి మా వీధిలోకి ఒక్క చుక్క రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ గోడే కావాలని చేతులు ఎత్తారు.

బల్ల పాయ సగం దాకానే ఉంది. వార్డు అక్కడితో అయిపోతుంది కదా. నా చీర కుచ్చిళ్ళు తడిశాయి, పాదాలు కూడా. ఊడ్చే ఆవిడ గుడ్డ వేసి తుడిచేసింది. అంతే.

నీ గది నేల వీధి కంటే ఎత్తా, పల్లమా? నీ మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించు. ఎందుకని అడక్కు. బట్టల పెట్టె అటక మీద పెట్టించు. పెట్టించాక రాయి.

జలుబు చేసేలా ఉంది. ఉంటాను.

మీ అక్క

*

పాయ ఇవతలి గట్టు,
ఇస్త్రీ కొట్టు వెనక గది

అక్కకి,

ఇటుకలు దేనికి? ఇప్పటికే ఆ మంచం ఎక్కాలంటే మోకాలు ఏడుస్తోంది. ఇటుకలు పెడితే నిచ్చెన వేసుకోవాలి.

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. కొట్టుకి బట్టలు బాగానే వస్తున్నాయి.

అక్కా, మీ కోడలి పుట్టింటివాళ్ళది మెట్ట మీద ఇల్లు కదా. నువ్వూ పిల్లలూ కొన్నాళ్ళు అక్కడికి వెళ్ళి ఉండకూడదూ? గాలి మార్పు. మీవాడికి ఇంజన్ల పని అక్కడా దొరుకుతుంది. వానలు పడకముందే వెళితే మంచిది. ఏదో మాటవరసకి అంటున్నాను.

మా కమిటీ సంగతి అంటావా? ఏముంది, తల ఊపుతున్నాను.

మీ చెల్లెలు

*

పాయ ఇవతలి గట్టు,
తాళ్ళ కొట్టు పక్కిల్లు

చెల్లాయికి,

నీ ఉత్తరంలో ఎగతాళి సరిగ్గా లేదు. ఇటుకల దగ్గర ఒక్కటి వేశావు, తర్వాత ఒక్కసారైనా నన్ను గాబరా అనలేదు. ఏమైంది నీకు? నా సంగతి నీకు తెలిసిపోయిందా? తెలిసే అలా పొడి పొడిగా రాశావా?

తెలిసినా తెలియకపోయినా రాసేస్తాను. ఈ మధ్య కిటికీ దగ్గర కూర్చుంటే నీ రేకు వైపు చూడలేకపోతున్నాను.

ఆ రోజు నేను పోసిన నీళ్ళు మా వీధిలోకి రాలేదని రాశాను. మరి ఎక్కడికి పోయాయి? గోడకి కొట్టుకుని ఇటు మళ్ళి, బల్ల చివర నుంచి నా కాళ్ళ మీద పడ్డాయి. చల్లగా, ధార కట్టి. నేను నిలబడ్డది పాయకి అవతల. అంటే నీ గది ఉన్న చోట, చెల్లాయ్. ఆ నీళ్ళు పడింది నీ మీద.

అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కళ్ళజోడు అమ్మాయిని అడిగాను, "అమ్మా, నా కాళ్ళ మీద పడ్డవి ఎవరివి?" అని. ఆ పిల్ల పాపం తెల్లబోయింది. "అది పక్క వార్డు మామ్మగారూ. వాళ్ళకి వేరే బల్ల ఉంటుంది" అంది. ఐసు ఫ్యాక్టరీ ఆయన, "ముందు మన కొంప ఆరనివ్వండి, తర్వాత పక్కవాళ్ళ సంగతి చూద్దాం" అన్నాడు. చేతులు ఎత్తమన్నారు. నేను కూడా ఎత్తాను. పక్కన మావాడున్నాడు, కోడలుంది, వాళ్ళ ముఖాలు ఎలా వెలిగిపోయాయో నువ్వు చూడలేదు. ఎత్తిన చెయ్యి దించేదాకా నా కాళ్ళు తడిగానే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మావాడితో అన్నాను. "ఆ గోడ వద్దని చెబుదాంరా, పిన్ని మునిగిపోతుంది."

"వద్దంటే మనం మునుగుతాం."

"ఇద్దరం మునక్కుండా ఏదైనా..."

"అమ్మా, పోయిన వరదలో ఈ ఇంట్లో నా నడుం దాకా నీళ్ళు. నిన్ను భుజాన వేసుకుని నేనే ఎత్తాను కదా. మళ్ళీ అది కావాలా? ఇల్లు పోతే ఏం చేస్తావు? పిన్ని ఇంట్లో ఉంటావా? అక్కడికి వెళ్ళడానికి పడవ కూడా ఎక్కవు నువ్వు!"

కోడలు మిషను ఆపి, "అత్తయ్య చెప్పేది..." అని మొదలుపెట్టి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

వాడు చెడ్డవాడు కాదు. వాడికి భయం. నా భయమే వాడికి వచ్చింది, కాకపోతే వాడు దాన్ని కోపంలా వాడుకుంటాడు.

వానలు దగ్గరపడుతున్నాయి. గోడ పని మొదలుపెట్టాలని తొందరపెడుతున్నారు. నేను ఏం చెయ్యను? తిట్టాలనుంటే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

మీ అక్క

*

పాయ ఇవతలి గట్టు,
ఇస్త్రీ కొట్టు వెనక గది

గాబరా అక్కకి,

తిట్టను. తిట్టే మొహం నాకు లేదు.

మా వైపు కూడా బల్ల వేశారే. మట్టి, రేకులు, డబ్బా, అన్నీ. మా బల్ల కూడా పాయ సగంతో అయిపోయింది. నీళ్ళు అటు చివర నుంచి కింద పడ్డాయి. అక్కడ మా పాలకేంద్రం ఆవిడ నిలబడి ఉంది, చెప్పులు తడిశాయని ఎగిరి గంతేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆ నేల మీద తడి చూశాను. ఆ తడి ఉన్న చోట కిటికీ దగ్గర కూర్చుని నా రేకు వైపు చూస్తున్న మనిషి కనబడింది నాకు. నేనూ చెయ్యి ఎత్తాను అక్కా. అందుకే నిన్ను మెట్ట మీదకి పొమ్మన్నాను. నిన్ను ముంచే గోడకి ఒప్పుకుని, నిన్ను జరగమన్నాను. నువ్వు ఇటుకలు పెట్టమన్నావు, నేను గాలి మార్పు అన్నాను. ఇద్దరం ఒకే తల్లి పిల్లలమని వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు భయం విను. మీ గోడ మీరు కడతారు, మా గోడ మేము కడతాము. అప్పుడు నీళ్ళు ఎటు పోతాయి? మా బట్టతల ఆఫీసరుని అడిగించాను. ఆయన తన కాగితాలన్నీ తిరగేశాడని నా కూతురు చెప్పింది. అటువైపు కూడా గోడ వస్తోందని ఆయనకి ఎవరూ చెప్పలేదట.

నేను ఒకటి అనుకున్నాను. రెండు బల్లలూ ఒకచోట పెట్టిద్దాం. మా బల్ల మీ హాలుకి పంపిస్తాం. పడవ కండక్టరు ఒప్పుకున్నాడు. నువ్వు అక్కడ మాట్లాడు, నేను ఇక్కడ మాట్లాడతాను. నిన్న మొదలుపెట్టాను కూడా. చాలామంది లేచి నా మీద అరిచారట. నాకేం వినపడింది గనక. చెప్పాల్సింది చెప్పి కూర్చున్నాను. నీకే కష్టం, నీకు చెవులున్నాయి.

మీ చెల్లెలు

*

పాయ ఇవతలి గట్టు,
తాళ్ళ కొట్టు పక్కిల్లు

చెల్లాయికి,

మీ బల్లతో పాటు వచ్చిన నీ కూతురు క్షేమంగా తిరిగి చేరి ఉంటుంది అనుకుంటాను. పడవ కనబడినంతసేపూ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు నేను. చేరగానే ఎందుకు రాయలేదు?

తను నీకు అంతా చెప్పే ఉంటుంది. అయినా నేనూ రాస్తాను, రాస్తే తప్ప నా గుండె దడ తగ్గదు.

హాల్లో నేను లేచి మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఎవరో, "మామ్మకి చెల్లెలి మీద ప్రేమ ఎక్కువ, వీధి మీద తక్కువ" అన్నారు. అప్పుడు కళ్ళజోడు అమ్మాయి లేచి, "బల్లలు కలిపి చూస్తే పోయేదేముంది, చూశాకే పోట్లాడుకోండి" అంది. అది పనిచేసింది.

మీ బల్ల తెచ్చి మా బల్లకి ఆనించారు. మధ్యలో సందు ఉంటే మా కోడలూ నీ కూతురూ తడిమట్టి పెట్టి పూడ్చారు. వదినా మరదళ్ళు ఇద్దరూ మోచేతుల దాకా మట్టి పూసుకుని, పక్కపక్కన కూర్చుని, ఏం మాట్లాడుకున్నారో గానీ నవ్వుకున్నారు. పాయ మొదటిసారి పూర్తిగా కనబడింది నాకు. ఇంత చిన్నదా అనిపించింది. నీ ఇల్లు నా ఇంటికి జానెడు దూరంలో ఉంది.

డబ్బా మళ్ళీ నాకే ఇచ్చారు. ఈసారి రెండు చేతులతో పట్టుకుని పోశాను. ఎవరూ నవ్వలేదు. నీళ్ళు రెండు రేకుల మధ్యకి వచ్చాయి. పక్కకి పోయే దారి లేదు. నిలబడ్డాయి. నిలబడి లేచాయి. చెల్లాయ్, నా జన్మలో అంత నెమ్మదిగా వచ్చిన భయం చూడలేదు. ఆ చివర ఒక రేకు వంగింది, అంతే. ముందు మా వీధి, వెంటనే మీ వీధి. మా కోడలు చేసిన కిటికీ కరిగిపోయింది. మీ రేకు కప్పు తేలుకుంటూ వచ్చి మా తాళ్ళ కొట్టుకి తగిలింది. ఐసు ఫ్యాక్టరీ సొరకాయ మెత్తబడి కూలిపోతుంటే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు, నిజం ఫ్యాక్టరీ అన్నట్టు. నా కాళ్ళు మాత్రం ఈసారి పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క కింద పడలేదు. దానికే ఎక్కువ భయం వేసింది నాకు.

కళ్ళజోడు అమ్మాయి అంది, రెండు గోడలూ వెనక్కి జరపాలి, మధ్యలో నీళ్ళకి చోటు వదలాలి అని. వదలాలంటే మా వైపు మొదటి వరస ఇళ్ళు తీసెయ్యాలి. మీ వైపు మొదటి వరసలో ఖాళీ గోదాములే కదా, ఇళ్ళు లేవు. ఇక్కడ ఉన్నవి మావి. తీసినవాళ్ళకి ఐసు ఫ్యాక్టరీ వెనక మెరక మీద ఇళ్ళు కట్టిస్తామని రాసిస్తారట. రాసిస్తారు సరే, కట్టేదెప్పుడు? ఆ మెరక మాత్రం ఎన్నాళ్ళు మెరకగా ఉంటుంది?

మా వరసవాళ్ళు నేల చూస్తున్నారు. నేను ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ప్రతి రాత్రీ భయపడుతూనే పడుకున్నాను. అయినా అది నా భయం, నా ఇల్లు. చెయ్యి చాపి, మట్టిలో మిగిలిన మా ఇంటి ముద్దని ఆ మొదటి వరసలోంచి తీసి బల్ల అవతల పెట్టాను. అలా పెట్టాలని అనుకుని కూడా కాదు. చెయ్యి వెళ్ళింది.

మావాడు బయటికి వెళ్ళిపోయాడు. అయిపోయింది, వాడు ఇక నాతో మాట్లాడడు అనుకున్నాను. కాసేపటికి తిరిగొచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా తన ఇంజన్ల షెడ్డు ముద్ద తీసి నా ముద్ద పక్కన పెట్టాడు. తర్వాత తాళ్ళ కొట్టాయన తనది తీశాడు. కోడలు మాత్రం చేతుల మట్టి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

ఇప్పుడింక రెండు ఆఫీసులూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే భయం. ఒప్పుకుంటే ఇంకా భయం.

మీ అక్క

*

పాయ ఇవతలి గట్టు,
తాళ్ళ కొట్టు పక్కిల్లు

చెల్లాయికి,

ఒప్పుకున్నారు.

వానలకి ముందే మొదటి వరస ఖాళీ చెయ్యమన్నారు. మెరక మీద పునాదులు తవ్వుతున్నారు, రోజూ వెళ్ళి చూసి వస్తున్నాను, ఒకరోజు నలుగురు పనివాళ్ళుంటే ఒకరోజు ఇద్దరే ఉంటున్నారు. ఆ ఇల్లు లేచేదాకా మావాడూ కోడలూ ఆ పిల్ల పుట్టింట్లో ఉంటారు. నన్నూ రమ్మన్నారు. రెండు గదుల ఇల్లు, అప్పటికే ఆరుగురు. వాళ్ళేమీ అనరు, అదే ఇబ్బంది.

కిటికీ చట్రం ఊడదీశారు. గోడకి కన్నం ఉంది, అందులోంచి నీ రేకు ఇంకా పెద్దగా కనబడుతోంది.

నీ గదిలో చోటుంటుందా? లేదంటే లేదని రాయి, మొహమాటపడకు. నేను పడుకుంటే గురక పెడతానని కోడలు అంటుంది. మాటిమాటికీ లేచి గడియ చూస్తాను. వాన చప్పుడు వింటే నిద్రపోను, నిద్రపోనివ్వను. ఇవన్నీ ఆలోచించుకుని రాయి.

ఇంకోటి, పడవ. అది తలుచుకుంటేనే కాళ్ళు చల్లబడుతున్నాయి.

మీ అక్క

*

పాయ ఇవతలి గట్టు,
ఇస్త్రీ కొట్టు వెనక గది

గాబరా అక్కకి,

నా మంచం గోడవైపు జరిపించాను. నీ మంచం తలుపు పక్కన. రెండింటి కోళ్ళ కిందా ఇటుకలు పెట్టించాను. గురక పెట్టుకో, వినేవాళ్ళెవరు?

నీకు ఒక అబద్ధం చెప్పాను. పోయిన వరదలో నీళ్ళు గుమ్మం దగ్గర ఆగలేదు. వీధంతా కేకలు వేశారట, సైరన్ మోగిందట, తలుపు బాదారట. నాకేమీ తెలియదు. నిద్రలో చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. వేళ్ళకి చల్లగా తగిలితే లేచాను. అప్పటికి నీళ్ళు పరుపు అంచులో ఉన్నాయి. నా కూతురు తలుపు పగలగొట్టి లాగింది. నీకు చెబితే చచ్చిపోతావని చెప్పలేదు. అప్పటి నుంచి కూతురు ఒక నూలు దారం తన మంచం నుంచి నా మణికట్టుకి కట్టి పడుకుంటోంది. పాపం, నేను దొర్లినప్పుడల్లా అది ఉలిక్కిపడి లేస్తుంది.

నువ్వు వస్తే ఆ దారం నీ చేతికి కడతాను. నువ్వెలాగూ నిద్రపోవు. వాన చప్పుడు విన్నావంటే లాగు. ఉత్త మబ్బు చూసి భయపడినా లాగు. విసుక్కుంటానేమో గానీ లేస్తాను.

పడవలో మధ్య బల్ల మీద కూర్చో. కండక్టరుకి చెప్పాను, ఆ పూట పెద్దగా ఎక్కించడు. కిందికి చూడకు. రేవు మెట్ల మీద, చివరి మెట్టు దగ్గర, ఎర్ర తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంటాను. నన్నే చూస్తూ రా. పాయ నీళ్ళు నా కాళ్ళ మీదకి వచ్చినా అక్కడి నుంచి కదలను.

మీ చెల్లెలు